వయల్ మీద 1 మిల్లీగ్రాము, మరి లోపల ఎంత?

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినపడుతోందా? సరే. నాకు గంట టైమిచ్చారు. టాపిక్ చూస్తే ఇంతే: ఫ్రీజ్ డ్రై చేసిన పెప్టైడ్ పౌడర్‌ని, అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసుల పొడిని, ప్రయోగానికి సరిగ్గా కలుపుకోవడం ఎలా. పొద్దున మీలో ఒకమ్మాయి నా ముందే అనేసింది, "మేడమ్, నీళ్లు పోసి కలపడానికి గంట లెక్చరా" అని. (నవ్వులు) ఆ అమ్మాయిని తప్పు పట్టను. పీహెచ్‌డీలో చేరినప్పుడు నేనూ అదే అనుకున్నాను, దానికి మూడు వారాలు మూల్యం చెల్లించాను కూడా. ముందు ఆ కథ చెప్తాను, ఎందుకంటే మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మేం అప్పుడు యాంజియోటెన్సిన్ 2 మీద పని చేసేవాళ్లం. రక్తనాళాలను బిగించి బీపీ పెంచే పెప్టైడ్ అది, ఎనిమిది అమైనో ఆమ్లాలే. ఆ పేరుకి కూడా ఒక ముచ్చట ఉంది. 1939, 40 ప్రాంతంలో బ్యూనస్ ఏరీస్‌లో ఒక బృందం, అమెరికాలో ఇండియానాపొలిస్‌లో ఇంకో బృందం, ఎవరికి వారే దీన్ని కనిపెట్టారు. ఒకరు హైపర్‌టెన్సిన్ అన్నారు, ఒకరు యాంజియోటోనిన్ అన్నారు, చివరికి 1958లో రాజీపడి చెరో ముక్కా కలిపి యాంజియోటెన్సిన్ అని పెట్టుకున్నారు. పిల్లాడికి ఇద్దరు తాతల పేర్లూ కలిపి పెట్టినట్టు అనుకోండి. సరే, నా పని ఏంటంటే, ఒక ఎంజైము ఈ పెప్టైడ్‌ని ఎంత వేగంగా కోస్తోందో హెచ్‌పీఎల్‌సీలో చూడటం. కలిసున్న పదార్థాలని కాలమ్ అనే గొట్టంలోంచి పంపి విడదీసే మెషీన్ అది, ఒక్కో పదార్థం గ్రాఫులో ఒక్కో పీక్‌గా కనపడుతుంది, పీక్ ఎంత పెద్దదైతే పదార్థం అంత ఎక్కువ. పాత వయల్ అయిపోయింది, కొత్తది తెప్పించాం. రెండిటి మీదా 1 మిల్లీగ్రామనే ఉంది. రెండూ ఒకేలా కలిపాను. కొత్త స్టాండర్డ్ ఎక్కిస్తే పీక్ ఏరియా దాదాపు 15 శాతం తక్కువొచ్చింది. మళ్లీ ఎక్కించాను, అంతే. కాలమ్ పోయిందేమో అని కాలమ్ మార్చాను. డిటెక్టర్ ల్యాంప్ ముసలిదైందేమో అని, మా గైడ్ గారిని బతిమాలి, కొత్త ల్యాంప్ వేయించాను. ఆ ల్యాంప్ ఖరీదు ఇప్పుడు చెప్పను, ఆయన వింటే మళ్లీ తిడతారు. మూడు వారాల తరవాత మా సీనియర్ అన్న ఒకరు టీ తాగుతూ, "సీఓఏ చదివావా?" అన్నారు. సీఓఏ అంటే సర్టిఫికెట్ ఆఫ్ అనాలిసిస్, వయల్‌తో పాటు వచ్చే కాగితం. చదివాను అన్నా, ప్యూరిటీ 98 శాతం అని ఉంది అన్నాను. "దాని కింద లైన్?"

ఆ కింద లైన్‌లో 'నెట్ పెప్టైడ్ కంటెంట్' 72 శాతం అని ఉంది. పాత వయల్ కాగితం తీస్తే 84. వెంటనే కాలిక్యులేటర్ తీసి 72ని 84తో భాగిస్తే 0.86. నా 15 శాతం అక్కడుంది. ల్యాంప్‌లో కాదు.

హమ్మయ్య, దొరికింది అనుకున్నాను. కాసేపటికి గుండె జారింది. కొత్తది ఒక్కటే తప్పు కాదు కదా, పాతదీ తప్పే. అప్పటిదాకా నోట్‌బుక్‌లో నేను 1 మిల్లీమోలార్ (లీటరుకి మోల్‌లో వెయ్యో వంతు) అని రాసుకున్న ప్రతి స్టాకూ, అంటే కలిపి దాచుకున్న చిక్కటి ద్రావణం, ప్యూరిటీ కూడా లెక్కేస్తే నిజానికి 0.82. ఏడాది లెక్కలన్నీ మళ్లీ వేసుకున్నాను. ఇందులో కంపెనీ తప్పు ఏమీ లేదు, వాళ్లు కాగితం మీద రాసే పంపారు, చదవనిది నేను.

ఇప్పుడు ఆ రెండు లైన్ల తేడా చూద్దాం, దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను. ప్యూరిటీ అంటే, ఆ పౌడర్‌లో ఉన్న పెప్టైడ్ జాతి పదార్థాల్లో మీరు అడిగిన పెప్టైడ్ వాటా ఎంత అని. హెచ్‌పీఎల్‌సీలో 214 లేదా 220 నానోమీటర్ల దగ్గర చూస్తారు, అక్కడ కనపడేది పెప్టైడ్ బంధమే. నీళ్లు కనపడవు. ఉప్పు కనపడదు. కాబట్టి సగం ఉప్పున్న పౌడర్ కూడా 98 శాతం ప్యూరిటీ చూపించగలదు, అబద్ధం ఆడకుండానే. కిలో బియ్యంలో నూకలెన్ని అని చూసినట్టు అది, సంచిలో రాళ్లెన్ని ఉన్నాయో ఆ లెక్క చెప్పదు. రాళ్ల సంగతి చెప్పేది నెట్ కంటెంట్.

ఆ రాళ్లు ఎక్కడివంటే, పెప్టైడ్‌ని తయారుచేసే పద్ధతిలోంచే వస్తాయి. 1963లో బ్రూస్ మెరిఫీల్డ్ అని ఒకాయన, పెప్టైడ్‌ని చిన్న రెజిన్ పూసలకి అంటించి, ఒక్కో అమైనో ఆమ్లాన్నీ ఒకదాని తరవాత ఒకటి తగిలించే పద్ధతి చెప్పారు, 1984లో దానికి నోబెల్ వచ్చింది. ఇవాళ మీరు కొనే సింథటిక్ పెప్టైడ్‌లలో చాలావరకు ఆ దారిలో వచ్చినవే. చివర్లో పూస నుంచి విడదీయడానికి మామూలుగా వాడేది ట్రైఫ్లోరో ఎసిటిక్ యాసిడ్, మనం టీఎఫ్‌ఏ అంటాం. తరవాత శుద్ధి చేసే హెచ్‌పీఎల్‌సీ ద్రావణంలోనూ అదే. పెప్టైడ్‌లో ప్లస్ చార్జ్ ఉన్న ప్రతి చోటా ఒక టీఎఫ్‌ఏ అతుక్కుని కూర్చుంటుంది. ఫ్రీజ్ డ్రై చేసినా మొత్తం పోదు.

బోర్డు మీద రాస్తాను. యాంజియోటెన్సిన్ 2 అణుభారం 1046. ప్లస్ చార్జ్ చోట్లు మూడు: మొదటి కొస, ఆర్జినిన్, హిస్టిడిన్. టీఎఫ్‌ఏ ఒక్కోటి 114, మూడుకి 342. కలిపితే 1388. అంటే ఎముకలు ఎండిపోయేంత ఎండబెట్టినా అందులో అసలు పెప్టైడ్ 75 శాతమే. దానికి గాలిలోంచి పట్టిన తడి ఒక నాలుగైదు శాతం కలపండి, 72 దగ్గరికొచ్చేశాం. చూశారా, సీఓఏ చూడకముందే ఇంటి లెక్కతో చెప్పేయొచ్చు. నా పాత వయల్ ఎసిటేట్ ఉప్పు. ఎసిటిక్ యాసిడ్ 60 మాత్రమే, అందుకే అందులో పెప్టైడ్ ఎక్కువుంది.

ఇప్పుడు 1 మిల్లీగ్రాము వయల్‌తో 1 మిల్లీమోలార్ స్టాక్ చేయాలి. తెలీనివాడు 1 మిల్లీగ్రాముని 1046తో భాగిస్తాడు, 956 మైక్రోలీటర్లు పోస్తాడు. తెలిసినవాడు 1ని 0.72తో గుణించి, మళ్లీ 0.98తో గుణించి, 0.706 మిల్లీగ్రాము తెచ్చుకుని భాగిస్తాడు, 674 మైక్రోలీటర్లు పోస్తాడు. అయితే దీనికన్నా ముందు ఒకటి కనుక్కోండి, వయల్ మీద ఉన్న 1 మిల్లీగ్రాము మొత్తం పౌడర్ బరువా, లేక వాళ్లే నెట్ కంటెంట్ తీసేసి చెప్పిన బరువా అని. రెండు రకాలుగానూ అమ్ముతారు. తెలీకపోతే మెయిల్ పెట్టి అడగండి, మొహమాటం వద్దు. రెండుసార్లు తీసేస్తే అటువైపు తప్పు.

ఒక్క మాట. ఈ తప్పు ఇన్ని ల్యాబుల్లో ఇన్నాళ్లు ఎందుకు బతికేస్తుందంటే, మన డోస్ రెస్పాన్స్ గ్రాఫులు, అంటే ఎంత మోతాదుకి ఎంత స్పందన అని చూపేవి, లాగ్ స్కేలు మీద గీస్తాం కదా, అక్కడ 30 శాతం తేడా కంటికి ఆనదు. నా పని హెచ్‌పీఎల్‌సీ పీక్ కాబట్టి దొరికిపోయాను. కణాల మీద పని చేసుంటే ఈపాటికి పేపర్ వేసేసి హాయిగా ఉండేదాన్ని. (నవ్వులు)

కణాలంటే గుర్తొచ్చింది, టీఎఫ్‌ఏ బరువు లెక్కతోనే వదలదు. 1999లో న్యూజీలాండ్ పరిశోధకులు ఎముక కణాల మీద, మృదులాస్థి కణాల మీద చూపించారు, అవే పెప్టైడ్‌లని హైడ్రోక్లోరైడ్ ఉప్పుగా ఇస్తే ఒకలా, టీఎఫ్‌ఏ ఉప్పుగా ఇస్తే ఒకలా ఫలితం వచ్చింది. కణాలు పెరగకుండా ఆపింది టీఎఫ్‌ఏ. కాబట్టి సెల్ కల్చర్‌కి వాడేవాళ్లు ఆర్డర్ పెట్టేటప్పుడే ఎసిటేటో హైడ్రోక్లోరైడో అడగండి, ఖర్చు కాస్త ఎక్కువైనా.

ఇక వయల్ దగ్గరికి వద్దాం. ఫ్రీజ్ డ్రైయింగ్ అంటే వడియాలు ఎండబెట్టినట్టు కాదు. ద్రావణాన్ని గడ్డకట్టించి, చుట్టూ గాలి పీల్చేస్తే, మంచు నీళ్లవకుండానే నేరుగా ఆవిరైపోతుంది. బీరువాలో పెట్టిన కలరా ఉండలు కరక్కుండానే ఎలా చిక్కిపోతాయో, అలా. నీళ్లు పోయిన చోటల్లా ఖాళీలు మిగులుతాయి, అందుకే పౌడర్ దూదిలా ఉంటుంది. ఆ దూదికి నీళ్లంటే ఆవురావురుమంటుంది.

మనం ఉన్నదేమో విశాఖలో. జులైలో ఇక్కడి గాలి పిండితే నీళ్లొస్తాయి. మైనస్ 20లోంచి తీసిన వయల్‌ని అలాగే తెరిచారనుకోండి, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా చుట్టూ ఎలా చెమట పడుతుందో, ఆ చెమట లోపల పౌడర్ మీద పడుతుంది. కళ్లముందే దూది కుంచించుకుపోయి జిగురులా అవుతుంది, నేను చూశాను. వయల్‌ని డెసికేటర్‌లో, అంటే లోపల తడి లేకుండా ఉంచే డబ్బాలో పెట్టి, మూత ముట్టకుండా, గంటసేపు వదిలేయండి. ఆ గంటలో వెళ్లి భోంచేసి రండి. తడి పట్టిన పౌడర్‌కి బరువు లెక్క తప్పడమొకటే కాదు, ఆస్పరాజిన్ ఉన్నచోట అమోనియా ఊడిపోవడం, మెథియోనిన్‌కి ఆక్సిజన్ పట్టడం, ఇవన్నీ మెల్లగా మొదలవుతాయి.

తెరిచే ముందు సెంట్రిఫ్యూజ్‌లో చిన్న స్పిన్. పౌడర్‌లో స్టాటిక్ ఉంటుంది, మూత లోపలికి ఎగిరి అంటుకుని ఉంటుంది. మా స్టోర్‌లో ఒకబ్బాయి పరుగున వచ్చాడొకసారి, "మేడమ్, ఖాళీ వయల్ పంపారు" అని. లైటుకి పెట్టి చూస్తే అడుగున, గోడకి, సాలెగూడంత పొర. 1 మిల్లీగ్రామంటే అంతే ఉంటుంది నాయనా, కనపడకపోయినా ఉంటుంది.

దాన్ని స్పాచులాతో గీకి తూకం వేసే ప్రయత్నం మాత్రం వద్దు. నాలుగు దశాంశాల బ్యాలెన్స్ 0.1 మిల్లీగ్రాము దాకానే చూపిస్తుంది, 1 మిల్లీగ్రాము తూస్తే పదో వంతు అక్కడే గాల్లో ఉంది. గ్లవ్స్ స్టాటిక్‌తో అంకె అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. మొత్తం వయల్‌ని ఒకేసారి కరిగించేయండి. అందుకే కొనేటప్పుడే 10 మిల్లీగ్రాముల వయల్ ఒకటి కాకుండా 1 మిల్లీగ్రాముది పది కొనమంటాను.

ఏంట్లో కరిగించాలి? మీ అందరి చెయ్యీ పీబీఎస్ అనే మామూలు ఉప్పు బఫర్ సీసా మీదకి పోతుంది, నాకు తెలుసు. వద్దు. ఉప్పు ఉన్న బఫర్‌లో చాలా పెప్టైడ్‌లు కరగనని మొండికేస్తాయి, ఒకసారి ముద్దకడితే విడదీయడం కష్టం. ముందు చార్జ్ లెక్కపెట్టండి. లైసిన్, ఆర్జినిన్, హిస్టిడిన్, మొదటి కొస, ఒక్కోదానికి ప్లస్ ఒకటి. ఆస్పార్టిక్, గ్లుటామిక్, చివరి కొస, మైనస్ ఒకటి. మొత్తం ప్లస్ వస్తే శుద్ధమైన నీళ్లు, కరక్కపోతే కొంచెం ఎసిటిక్ యాసిడ్. మైనస్ వస్తే పల్చటి అమ్మోనియం బైకార్బొనేట్. సున్నాకి దగ్గరగా ఉండి, పైగా నూనెలాంటి అమైనో ఆమ్లాలే ఎక్కువుంటే అప్పుడు డీఎంఎస్‌ఓ అనే ద్రావకం, అది కూడా చుక్క. సిస్టీన్, మెథియోనిన్ ఉన్నవాటికి డీఎంఎస్‌ఓ పనికిరాదు, ఆక్సిడైజ్ చేసేస్తుంది, డీఎంఎఫ్ అనే ఇంకో ద్రావకం చూసుకోండి. డీఎంఎస్‌ఓలో కరిగించిన స్టాక్‌ని నీళ్లలోకి చుక్కచుక్కగా, కలుపుతూ వదలాలి. నీళ్లు తెచ్చి దాని మీద గుమ్మరిస్తే తెల్లగా విరిగిపోతుంది. నీళ్లలో కరక్కపోతే ఫ్రీజ్ డ్రై చేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు, డీఎంఎస్‌ఓ పోశాక ఆ దారి మూసుకుపోయినట్టే. అందుకే తేలికైనది ముందు.

యాంజియోటెన్సిన్ మంచి పిల్ల, నీళ్లు పోస్తే కరిగిపోతుంది. దాన్ని చూసి అన్నీ అంతే అనుకోకండి. అల్జీమర్స్ మీద పని చేసేవాళ్లని అడగండి, అమైలాయిడ్ బీటా 42 ఎంత ఏడిపిస్తుందో. 42 అమైనో ఆమ్లాలు, అణుభారం 4514, చివరి భాగమంతా జిడ్డు. పౌడర్‌గా ఉన్నప్పుడే అందులో కొన్ని అణువులు ముద్దలు కట్టేసి ఉంటాయి, ఆ ముద్దల్ని అలాగే నీళ్లలో వేస్తే అవి విత్తనాల్లా పనిచేసి మిగతావాటినీ లాక్కుంటాయి. సోమవారం చేసిన ప్రయోగానికీ గురువారం చేసినదానికీ పొంతన ఉండదు. అందుకని ముందు హెచ్‌ఎఫ్‌ఐపీ అనే ఘాటైన ద్రావకంలో, ఫ్యూమ్ హుడ్ లోపల, కరిగించి ఆ ముద్దల్ని విడదీసి, చిన్న ట్యూబుల్లో పోసి ఆరబెట్టి, కంటికి కనపడని పొరగా దాచుకుంటారు. కావలసిన రోజున ఆ పొరని డీఎంఎస్‌ఓలో 5 మిల్లీమోలార్‌కి కరిగించి అప్పటికప్పుడు వాడతారు. ఇలాంటివాటిని వోర్టెక్స్ మీద పెట్టి గిలకొట్టకూడదు. గాలీ నీళ్లూ కలిసే అంచు దొరికితే చాలు, అది ముద్ద కట్టడానికి రెడీ.

కరిగింది. లెక్క ప్రకారం 1 మిల్లీమోలార్. నమ్మేద్దామా? నమ్మొద్దు, కొలవండి. నెట్ కంటెంట్ కూడా కంపెనీ ప్యాక్ చేసిన రోజు సంగతి, మీ ఫ్రీజర్‌లో రెండేళ్లున్నాక సంగతి కాదు. యాంజియోటెన్సిన్‌లో ఒక టైరోసిన్ ఉంది, 280 నానోమీటర్ల దగ్గర అది కాంతిని పీల్చుకునే గుణకం 1490. స్టాక్‌ని పది రెట్లు పల్చన చేసి, 1 సెంటీమీటరు క్యువెట్‌లో పెడితే శోషణ 0.149 రావాలి. 956 మైక్రోలీటర్లు పోసినవాడికి 0.105 వస్తుంది. ఐదు నిమిషాల పని ఇది. నేను ఆ ఐదు నిమిషాలు పెట్టి ఉంటే ఆ ల్యాంప్ డబ్బులు మిగిలేవి. ట్రిప్టోఫాన్ ఉంటే ఇంకా తేలిక, దాని గుణకం 5500. రెండూ లేని పెప్టైడ్‌లుంటాయి, మన శరీరంలోనే తయారయ్యే ఎల్‌ఎల్ 37 అనే యాంటీమైక్రోబియల్ పెప్టైడ్ అలాంటిదే. వాటికి 205 దగ్గర పెప్టైడ్ బంధాన్నే చూడాలి, అక్కడ మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము ఉంటే సుమారు 31 వస్తుంది కాబట్టి బాగా పల్చన చేసుకోవాలి. డీఎంఎస్‌ఓ ఉంటే 205 దగ్గర దాని శోషణ తప్ప ఏమీ కనపడదు. మరీ కచ్చితంగా కావాలంటే అమైనో యాసిడ్ ఎనాలిసిస్‌కి పంపండి.

బాగా పల్చన చేసినప్పుడు ఇంకో దొంగ ఉన్నాడు, ట్యూబు గోడ. నానోమోలార్‌కి దిగాక పెప్టైడ్ ప్లాస్టిక్‌కి, గాజుకి అంటుకుపోతుంది, మీరు పోసిన దాంట్లో ఎంత మిగిలిందో చెప్పలేం. స్టాక్ చిక్కగా దాచుకుని, వాడేరోజే పల్చన చేయండి, లో బైండ్ ట్యూబులు వాడండి, ప్రయోగానికి అడ్డం కాకపోతే కాస్త బీఎస్‌ఏ, అంటే ఆవు రక్తంలోని అల్బుమిన్ ప్రోటీన్, కలపండి. 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లోంచి పంపినా కొంత ఫిల్టర్‌కే అంటుకుంటుంది, కాబట్టి ఫిల్టర్ తరవాత కొలవండి, ముందు కాదు.

దాచడం మీకు తెలిసిందే: చిన్న ఆలికాట్లు, అంటే ఒక్కసారికి సరిపడా వాటాలు, మైనస్ 80, ఒకసారి కరిగించింది మళ్లీ గడ్డకట్టించొద్దు. ఇంట్లో వాడే ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ తెచ్చి ల్యాబ్‌లో పెట్టకండి, అది మంచు పట్టకుండా ఉండటానికి మధ్యమధ్యలో తనంతట తనే వేడెక్కుతుంది.

ప్రశ్నలా? ఆ, చెప్పు బాబూ. (సభలో ఒకరు: మా జిమ్‌లో ఇలాంటి వయల్స్ తెప్పించుకుని బ్యాక్టీరియోస్టాటిక్ వాటర్‌తో కలుపుకుంటున్నారు మేడమ్, ఆ లెక్క ఇలాగే ఉంటుందా?) ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. ఆ నీళ్లు ఎందుకు కలుపుతున్నారు బాబూ, సూదితో ఒంట్లోకే కదా. నేనిప్పటిదాకా చెప్పిందంతా ట్యూబులో, కణాల్లో జరిగే పనికి. 'రీసెర్చ్ యూజ్ ఓన్లీ' అని రాసున్న వయల్‌ని మనిషికి ఎక్కించడానికి తయారుచేయరు. అది స్టెరైల్ అన్న గ్యారంటీ లేదు, ఎండోటాక్సిన్, అంటే బ్యాక్టీరియా నుంచి వచ్చే విషం, దాని పరీక్ష చేసుండకపోవచ్చు, మిగిలిన 2 శాతంలో ఏముందో ఎవరూ చూడలేదు. లోపల 72 ఉందో 50 ఉందో, అసలు చెప్పిన పెప్టైడే ఉందో లేదో తేల్చడానికి నాకే ఇన్ని మెషీన్లు కావాలి, అక్కడ జిమ్‌లో ఏముంది చెప్పు? కాబట్టి ఆ లెక్క నేను చెప్పను, నీ స్నేహితులకి మాత్రం వద్దని గట్టిగా చెప్పు, డాక్టర్ దగ్గరికి వెళ్లమను. ఇక ఆ నీళ్ల సంగతి, అందులో 0.9 శాతం బెంజైల్ ఆల్కహాల్ ఉంటుంది, మీ కల్చర్ డిష్‌లో కణాలకి కూడా అది పనికిరాదు.

ఇంకెవరమ్మా? (ఒక విద్యార్థిని: ట్యూబు మీద ఏమేం రాయాలి మేడమ్?) మంచి ప్రశ్న, ఇందాకే చెప్పాల్సింది. పేరు, ఏ ఉప్పు, లాట్ నంబరు, ఏంట్లో కరిగించారు, కొలిచిన కాన్సంట్రేషన్, తేదీ, మీ పొడి అక్షరాలు. లెక్కేసిన అంకె కాదు, కొలిచిన అంకె. కొలవకపోతే 'కొలవలేదు' అని రాయండి, తప్పులేదు. చిన్న ట్యూబు మీద ఇంత పట్టదంటారు, మూత మీద నంబరు వేసి మిగతాది నోట్‌బుక్‌లో రాయండి, నంబరు కూడా ఆల్కహాల్‌కి చెరగని పెన్నుతో. మొన్న ఫ్రీజర్ శుభ్రం చేస్తుంటే నా పీహెచ్‌డీ నాటి డబ్బా ఒకటి బయటపడింది. 14 ట్యూబులున్నాయి. అన్నింటి మీదా నా చేతిరాతే, అన్నింటి మీదా ఒకటే మాట, 'యాంజియో కొత్తది'. ఏ కొత్తదో ఇప్పుడు నాకే తెలీదు, పద్నాలుగూ పారేశాను.